చెవిలో చుక్కలమందు వేయుటకు ముందు

మాఘ ఫాల్గుణములలో నడికుడి, దాచేపల్లి చేలలో ఎటు చూచినను మిరప కల్లములే కనబడును. కాయ ఎండి టిక్కీలకు ఎత్తువరకు రైతు రాత్రులందు కల్లము వద్దనే పరుండును. ఆ దినములలో చెవి దురద, చెవిపోటు ఎక్కువ. మిరప ధూళి చెవిలో పడును, ఒక్కొక్కప్పుడు పురుగు దూరును. దురద పుట్టగానే అగ్గిపుల్లయో, పిన్నీసో, కోడి ఈకయో పెట్టి త్రిప్పుట అలవాటు. లోపలి చర్మము మిక్కిలి పలుచనిది. అది గీరుకొన్నచోట సూక్ష్మజీవులు చేరి వాపు, పోటు కలుగును. వానకాలములో నాగులేటిలోను, సాగరు కాలువలలోను ఈదులాడు పిల్లలకు చెవి తడియారక బూజు పట్టుట మరియొక తీరు.

అప్పుడు అందరును చేయునది ఒక్కటే. మందుల దుకాణమునకు పోయి, “చెవిమందు ఒకటి ఇవ్వండి” అని అడుగుదురు. చెవిమందు అను పేరుగల మందు ఒకటి లేదు. మిరపలో నల్లికి కొట్టు మందు వేరు, తామరపురుగుకు వేరు, కాయకుళ్లుకు వేరు. 2021లో నల్ల తామరపురుగు వచ్చినప్పుడు తెగులేమో, పురుగేమో తేల్చుకొనక మందు మీద మందు కొట్టిన చేల గతి మనకు తెలిసినదే. చెవి సంగతియు అంతే. గులిమిని మెత్తపరచు చుక్కలు వేరు, చీమును పుట్టించు సూక్ష్మజీవులను చంపునవి వేరు, బూజును పోగొట్టునవి వేరు. వాపును, దురదను అణచు స్టీరాయిడ్ కలిసినవి కూడ కలవు. వీనిని బూజు పట్టిన చెవిలో ఊరక వేసినచో రెండు దినములు హాయిగా ఉండి, పిమ్మట బూజు రెట్టింపగును.

అన్నిటికన్న ముఖ్యమైనది కర్ణభేరి. చెవి రంధ్రము చివర డోలు చర్మము వలె బిగిసియుండు పలుచని పొర ఇది. దీని ఆవల మూడు చిన్న ఎముకలు, వాని వెనుక లోపలి చెవి ఉండును. శబ్దమును గ్రహించు సన్నని రోమకణములు అచ్చటనే కలవు. పొర చెక్కుచెదరనంతవరకు చుక్కలు ఈవలనే ఆగును. చిల్లుపడినచో లోపలికి దిగును. జెంటామైసిన్, నియోమైసిన్ వంటి మందులు ఆ కణములను చంపగలవు. పత్తిలో నల్లమచ్చ తెగులుకు రైతులు పిచికారీ చేసి ఎరిగిన స్ట్రెప్టోసైక్లిన్‌లోని స్ట్రెప్టోమైసిన్ కూడ ఈ తెగదే. క్షయరోగులకు ఆ సూది వేసినప్పుడు కొందరికి వినికిడి పోయినది. కోసిన మోడు చిగురించునేమో గాని చచ్చిన రోమకణము మరల పుట్టదు. సిప్రోఫ్లాక్ససిన్, ఆఫ్లాక్ససిన్ చుక్కల వలన లోపలి చెవికి ఇట్టి హాని కనబడలేదు గనుక, చిల్లు ఉన్నచోట వైద్యులు సామాన్యముగా వానిని వ్రాయుదురు.

చిల్లు ఉన్నదో లేదో దీపముతో చెవిలోనికి చూచిన వైద్యుడే చెప్పగలడు. ఇంటివద్ద కొన్ని గుర్తులు మాత్రము కనిపెట్టవచ్చును. తీవ్రమైన పోటు చీము కారగానే చప్పున తగ్గుట, ముక్కు చీదినప్పుడు చెవినుండి గాలి వచ్చుట, వేసిన మందు చేదు గొంతులో తగులుట అట్టివి. వీనిలో ఏది కనబడినను వైద్యుడు చూచువరకు చెవిలో ఏమియు వేయరాదు. కాచిన నూనె, వెల్లుల్లి రసము, ఆకు పసరులు అసలే కూడదు.

వైద్యుడు వ్రాసిన మందును వేయుటకును పద్ధతి కలదు. చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. మిరపకాయలు ఏరిన చేతులు, పురుగుమందు కలిపిన చేతులు అయినచో రెండుమారులు కడుగవలెను. చల్లని చుక్క పడినచో తల తిరుగును; కావున సీసాను కొంతసేపు పిడికిట పట్టి ఒంటివేడికి తేవలెను. ఎండలో గాని, వేడినీళ్లలో గాని పెట్టరాదు. నొప్పి చెవి పైకి వచ్చునట్లు ప్రక్కకు పరుండి, పెద్దవారికైనచో చెవి డొప్పను మీదికి, వెనుకకు లాగి, పసిపిల్లలకైనచో క్రిందికి, వెనుకకు లాగి, చెప్పినన్ని చుక్కలు మాత్రమే విడువవలెను. సీసా మూతి చెవికి తగులరాదు. చెవి ముందరి చిన్న మిట్టను నాలుగైదుసార్లు మెల్లగా ఒత్తి, 3 నుండి 5 నిమిషములు అట్లే పరుండవలెను. పోటు తగ్గినదని నడుమ మానరాదు. మందు వాడుచున్నన్నాళ్లు స్నానమునందు చెవిలో నీరు పడనీయరాదు. ఒకరి సీసా మరొకరు వాడుట మంచిది కాదు. మూత తీసిన తేదీ సీసామీద వ్రాసి, చీటిపై వేరుగా చెప్పనిచో నెల దాటినదానిని పారవేయవలెను.

సీసాలు పెట్టు చోటును గూర్చి ఒక మాట. ఎద్దు చెవికి తెచ్చిన మందు, కంటిచుక్కలు, మిగిలిన పురుగుమందు బుడ్డి అన్నియు ఒకే గోడగూటిలో ఉండు ఇండ్లు ఎన్నో చూచుచున్నాము. అర్ధరాత్రి పోటుతో తడుముకొను చేతికి అన్ని బుడ్లును ఒక్కటే. పురుగుమందు ఇంటిలోనే ఉండకూడదు. పశువుల మందు వేరుగా ఉండవలెను.

పురుగు దూరినచో పుల్ల పెట్టరాదు. ఇదివరలో చీము కారని చెవి అయినచో, కాచని కొబ్బరినూనె నాలుగు చుక్కలు వేసి పురుగు కదలిక ఆగినపిమ్మట వైద్యునిచే తీయించుకొనవలెను. పిల్లవాడు కందిగింజయో, సెనగగింజయో దూర్చుకొన్నచో నీరు పోయరాదు, అది ఉబ్బి బిగుసుకొనును.

చెవి వెనుక వాపు, మూతి వంకర పోవుట, తల తిరుగుట, జ్వరము, చుక్కలు మొదలిడిన పిదప వినికిడి తగ్గుట లేక చెవిలో హోరు, వీనిలో ఏది కనబడినను ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. మధుమేహము గల వృద్ధులకు రాత్రులందు నిద్రపట్టనీయని చెవిపోటు మిక్కిలి ప్రమాదకరము. వ్యాధి ఎముకకు ప్రాకవచ్చును. దగ్గరి వైద్యుడు పైకి పంపినచో నడికుడి జంక్షనులో రైలెక్కి గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలోని చెవి, ముక్కు, గొంతు విభాగమునకు పోవచ్చును. పోవునప్పుడు అప్పటివరకు వాడిన సీసాలన్నిటిని, ఖాళీవైనను సరే, సంచిలో వేసికొనిపోయి వైద్యునికి చూపవలెను.