‘ఆకే కదా’ అని బండెక్కితే.. గంజాయి కేసులో చట్టం ఏం చూస్తుంది?

ఖమ్మంలో ఒక అమ్మీ అడిగిన ప్రశ్న ఇది. "బేటా, మా వాడు మందు అమ్మలేదు, సూది వేసుకోలేదు. బండి నడిపాడు అంతే. అందులో ఉంది ఆకే కదా, దానికి బెయిల్ ఎందుకు రావట్లేదు?" ఆమె ఒక్కరే కాదు, చాలా ఇళ్లలో ఇదే మాట వినిపిస్తుంది. బండికి పిలిచేవాళ్లు కూడా డ్రైవర్‌కి చెప్పేది ఇదే: "ఆకు భాయ్, డ్రగ్స్ కాదు."

ముందు ఆ ‘ఆకు’ సంగతి చూద్దాం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క చివర్లలో వచ్చే పూత, కాయ గుత్తులు. గుత్తులు లేకుండా విడిగా ఉన్న ఆకు, విత్తనం ఆ నిర్వచనంలోకి రావు. ఇది వినగానే "మరి మనవాడు బయటపడ్డట్టే కదా" అనిపిస్తుంది. కానీ పూత దశలో మొక్కని చూసినవాళ్లకు తెలుసు, గుత్తి మధ్యలోంచే చిన్న చిన్న ఆకులు మొలుస్తాయి, వాటికి కూడా అదే జిగురు అంటుకుని ఉంటుంది. కొండల్లో కోసినవాళ్లు వాటిని ఏరి వేరు చేయరు. ఎండబెట్టి, నొక్కి, ప్యాకెట్లు చేసి టేపు చుట్టేస్తారు. గుత్తితో కలిసి వచ్చిన ఆకుని చట్టం వదలదు, కాటా మీద అదీ లెక్కే. ఆకులు, కాడలు, విత్తనాలు కలిపి తూచారని వాదించి బెయిల్ తెచ్చుకున్న కేసులు లేకపోలేదు, బాంబే హైకోర్టు అలాంటి ఉత్తర్వులు ఇచ్చింది. అది జైల్లో కూర్చున్నాక వకీలు చేసే వాదన. బండి ఎక్కేముందు నమ్ముకునే ధైర్యం కాదు.

ఇంకో మాట, పిల్లలున్న ఇళ్లకు. వెలుతురు గంటలతో పని లేకుండా వయసును బట్టి పూత పూసే ‘ఆటోఫ్లవర్’ రకాలని నెట్‌లో చూసి, కుండీలో ఒక మొక్క పెంచితే ఏమవుతుందిలే అనుకునే కుర్రాళ్లు ఉన్నారు. చట్టం రకాన్ని చూడదు. ఆ జాతి మొక్క ఏదైనా ఒకటే. లైసెన్సు లేకుండా పెంచితే 10 ఏళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా.

మన దారిలోనే ఇన్ని కేసులు ఎందుకంటే, పంట పండేది ఆంధ్ర - ఒడిశా సరిహద్దు కొండల్లో, మల్కన్‌గిరి, సీలేరు వైపు. అక్కడి నుంచి చింతూరు మీదుగా వస్తే హైదరాబాద్‌కి, ఆపైన మహారాష్ట్రకి దగ్గరి దారి భద్రాచలం. 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రలో కలిశాక భద్రాచలం పట్నం మూడు వైపులా సరిహద్దే అయింది. ఎటపాక దాటితే ఇంకో రాష్ట్రం. గోదావరి బ్రిడ్జి దాటి సారపాక, పాల్వంచ, కొత్తగూడెం మీదుగా వచ్చే బండికి దారిలో చెక్‌పోస్టు తప్పదు. 2022 ఫిబ్రవరిలో ఆంధ్ర పోలీసులు అనకాపల్లి దగ్గర ఒకే రోజు దాదాపు 2 లక్షల కిలోలు తగలబెట్టారు. సరుకు ఎంత పోగైందో దాన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

కేసు అంతా బరువు మీద నడుస్తుంది. కిలో లోపు చిన్న పరిమాణం, ఏడాది దాకా జైలు లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. కిలో నుంచి 20 కిలోల దాకా అయితే 10 ఏళ్ల దాకా, లక్ష దాకా జరిమానా. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం: తక్కువలో తక్కువ 10 ఏళ్లు, ఎక్కువలో 20 ఏళ్లు, జరిమానా లక్ష నుంచి 2 లక్షలు. కారు డిక్కీలో పెట్టేది సాధారణంగా ఈ మూడో లెక్కే.

ఆ అమ్మీ ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. వాణిజ్య పరిమాణం కేసుల్లో 37వ సెక్షన్ అడ్డం వస్తుంది. నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలు ఉన్నాయని, బయటికొస్తే మళ్లీ చేయడని జడ్జికి అనిపించాలి. అప్పుడే బెయిల్. మామూలు కేసుల్లో చార్జిషీటుకి 60 లేదా 90 రోజుల గడువైతే ఇక్కడ 180 రోజులు. అంటే ఆరు నెలలు ఇంటి సంపాదన ఆగినట్టే.

నేను బీకాం చదివినవాణ్ని, లెక్క వేయకుండా ఉండలేను. నెలకు 15 వేలు తెచ్చే డ్రైవర్ అనుకుందాం. 10 ఏళ్లంటే 18 లక్షలు పోయినట్టు, జరిమానా లక్ష వేరే. కారు ఫైనాన్స్ కిస్తీ ఆగదు. ట్రిప్పుకి ఇస్తామన్న డబ్బు ఎంతైనా పక్కన పెట్టి చూడండి.

బండి సంగతి ఇంకా చాలామందికి తెలీదు. పట్టుబడ్డ వాహనాన్ని ప్రభుత్వం జప్తు చేయొచ్చు. తనకు గానీ, బండి అప్పగించిన మనిషికి గానీ తెలియకుండా జరిగిందని, తగిన జాగ్రత్తలు తీసుకున్నానని ఓనరే నిరూపించుకోవాలి. తెలిసీ ఇస్తే ఓనర్ మీదే 25వ సెక్షన్ కింద కేసు. విచారణ అయ్యేదాకా బండిని షరతులతో విడిపించుకునే వీలుందని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది, అది కొంత ఊరట. బామ్మర్దికో స్నేహితుడికో తాళం ఇచ్చేముందు ఎక్కడికో, ఎవరితోనో అడగడం తప్పు కాదు. ముందు బైక్ మీద వెళ్లి "లైన్ క్లియర్" అని ఫోన్ చేసే ‘పైలట్’ కుర్రాడు కూడా తప్పించుకోలేడు. చేతిలో సరుకు లేకపోయినా కుట్ర కింద అదే శిక్ష పడుతుంది.

"లోపల ఏముందో నాకు తెలీదు" అనే మాట నిలబడటం కష్టం. సరుకు అతని ఆధీనంలో దొరికిందని పోలీసులు రుజువు చేస్తే, తెలుసనే కోర్టు అనుకుంటుంది, తెలీదని ఇతనే నిరూపించాలి.

అరెస్టు జరిగితే ఇంట్లోవాళ్లు మొదట చూడాల్సింది కాగితాలే. ఒంటి మీద సోదా చేసేముందు గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ఎదుట చేయమని అడిగే హక్కు ఉందని చెప్పాలి, బ్యాగుకి, కారుకి ఇది వర్తించదు. 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందుకి తేవాలి. శాంపిళ్లు మేజిస్ట్రేట్ సమక్షంలో తీశారా, పంచనామాలో బరువు ఎలా రాశారు, గుత్తులు ఉన్నాయని రాశారా లేదా, వకీలుకి ఇవన్నీ కావాలి. అధికారుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు స్టేట్‌మెంట్ సాక్ష్యంగా చెల్లదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. కస్టడీలో ఉన్నవాళ్లకి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలుని ఇస్తుంది, ఫోన్ 15100. "లోపల మాట్లాడతా, లక్ష ఇవ్వండి" అని వచ్చే మధ్యవర్తికి గాజులు తాకట్టు పెట్టకండి.

అలవాటు పడ్డ పిల్లాడైతే దారి వేరు. తనంతట తాను చికిత్సకి వస్తే చిన్న పరిమాణం కేసుల్లో చట్టం మినహాయింపు ఇస్తుంది. సలహాకి 14446. సమాచారం ఇవ్వాలంటే తెలంగాణలో 1908. మొదటి నంబర్ ఎక్కువ ఇళ్లలో ఎవరికీ తెలీదు, ఫోన్లో సేవ్ చేసి పెట్టండి.