మూగవోయిన కారును మేల్కొలుపు విధము



తెల్లవారి తాళము త్రిప్పగా కారు పలుకకున్నచో, పొరుగువారి బండినుండి తీగెలు తగిలించి నడిపించుట మన యూళ్లలో వాడుక. పని సులభమే, కాని యపాయము దాని వెంటనే యున్నది. నాలుగేండ్ల క్రిందట మా తమ్ముని కుమారుడు తుదికొనను బ్యాటరీకే తగిలింపగా నిప్పురవ్వ లేచినది. బ్యాటరీ పేలి ఆమ్లము వాని మొగముపై చిందినది. వెంటనే నీళ్లతో చాలసేపు కడిగి వైద్యునికడకు గొనిపోవుటచే కన్నులు దక్కినవి. వానికి నేర్పినవాడను నేనే. క్రమము చూపితిని గాని కారణము చెప్పనైతిని. ఆ తప్పు నాది.

కారణమేమనగా: కారు బ్యాటరీయందు సీసపు పలకలును, గంధకామ్లము కలిపిన నీరును ఉండును. గదులు 6, ఒక్కొక్కటి రమారమి 2 వోల్టులు, వెరసి 12. విద్యుత్తు నిండునపుడు హైడ్రోజన్ వాయువు వెలువడును. గాలిలో నూటికి 4 పాళ్లున్న చాలును, చిన్న రవ్వకే అది యంటుకొనును.

కావున బీడీ, చుట్ట దరికి రానీయరాదు. ఉంగరములు, కడియములు తీసివేయవలెను. పగిలిన బ్యాటరీని, కారుచున్న బ్యాటరీని ముట్టరాదు. పెద్ద లారీలకు 24 వోల్టులుండును. వానిని కారుకు తగిలింపరాదు. బండ్లు రెండును ఒకదానినొకటి తాకరాదు. గేరు తప్పించి, చేతిబ్రేకు వేసి, దీపములార్పి, యంత్రములు రెండును ఆపి యుంచవలెను.

ఎఱ్ఱతీగె యొక కొనను మూగబండి బ్యాటరీ ధనధ్రువమునకును, రెండవ కొనను మంచిబండి ధనధ్రువమునకును తగిలింపుడు. నల్లతీగె యొక కొనను మంచిబండి ఋణధ్రువమునకు తగిలింపుడు. మిగిలిన కొనను మాత్రము బ్యాటరీకి గాక, దానికి దూరముగా, మూగబండి యంత్రముయొక్క రంగులేని లోహభాగమునకు తగిలింపుడు. రవ్వ పుట్టునది ఈ తుది కలయికయందే. అది వాయువునకు దూరముగా పుట్టుట మేలు. కారుతో వచ్చిన పుస్తకమున వేఱు చోటు చూపియున్నచో దానినే పాటింపుడు.

పిమ్మట మంచిబండిని నడిపించి, కొన్ని నిమిషములు తాళి, మూగబండి తాళము త్రిప్పవలెను. తిరుగు ఫ్యానులో కండువా చిక్కకుండ చూచుకొనుడు. అది నడచిన వెనుక తగిలించిన క్రమమునకు తలక్రిందులుగా తీగెలు తీయవలెను. కొనలు ఒకదానితో నొకటి తగులరాదు.

ఇప్పుడు మా యింటికి నేర్చుకొన వచ్చు పిల్లలకు తీగెలు వెంటనే యీయను. తుదికొన బ్యాటరీకి ఎందుకు తగిలింపరాదని మొదట అడుగుదును. ప్రత్యుత్తరము చెప్పినవానికే తీగెలు. ఆ ప్రశ్న వేయువాడు ఇప్పుడు నేను గాదు. మొగముపై మచ్చ మిగిలిన మా తమ్ముని కుమారుడే.