షీటును బట్టి గీతా, గీతను బట్టి షీటా?

ఎనుమాముల యార్డులో మిర్చి కొనడానికి రెండు దార్లున్నాయి. పొద్దున్నే వచ్చి, ఆ రోజు రాశుల్లో ఉన్న తేజానో, వండర్ హాట్‌నో, చపాటానో చూసి, ధర కుదిరితే బండికెత్తుకోవడం ఒకటి. విత్తనం వేయకముందే రైతుతో మాట్లాడుకుని, ఫలానా రకం, ఇన్ని క్వింటాళ్లు కావాలని ఒప్పందం చేసుకోవడం రెండోది. మొదటి దారిలో సరుకు ఈ రోజే చేతికొస్తుంది గానీ ఉన్నదాంట్లోనే ఏరుకోవాలి. రెండో దారిలో కోరుకున్న రకమే వస్తుంది, కానీ పంట వచ్చేదాకా ఆగాలి. పైగా ఒప్పుకున్నదంతా మనమే తీసుకోవాలి.

స్టెయిన్‌లెస్ స్టీలు కొనడం కూడా అచ్చం ఇంతే. డీలరు గోడౌన్‌లో ఉన్న రెడీ షీటు తెచ్చుకోవాలా, మన కొలతకు ప్రత్యేకంగా చేయించుకోవాలా? మన సిలబస్‌లో గ్రేడులున్నాయి, ఫేజ్ డయాగ్రమ్‌లున్నాయి, ఈ ప్రశ్న మాత్రం లేదు. మా ఇల్లు ఎనుమాములలోనే. మొన్న సెమిస్టర్ సెలవుల్లో వరంగల్‌లో కారం మిల్లులకు హాపర్లు, ట్రేలు, టేబుళ్లు చేసే ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డుకు నెల రోజులు వెళ్లాను. అక్కడ చూసిందీ, తర్వాత చదివిందీ కలిపి రాస్తున్నాను.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మొదట స్టాక్‌నే చూడాలి. షీటు కుదరకపోతే ముందు డ్రాయింగ్ మార్చి చూడాలి. ఈ కొలత ఎందుకు మార్చలేమో కారణం స్పష్టంగా చెప్పగలిగినప్పుడే స్పెషల్ ఆర్డర్ జోలికి వెళ్లాలి.

స్టాక్ అంటే ఏమిటి?

డీలరు దగ్గర ఎప్పుడూ దొరికే షీట్లకు కొన్ని ఖాయమైన కొలతలుంటాయి. ఎక్కువగా కనిపించేది ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, అంటే 2440 × 1220 మి.మీ. మందం 1, 1.2, 1.5, 2, 3 మి.మీ. ఇలా మెట్లుగా ఉంటుంది. గ్రేడుల్లో 202, 304 తేలిగ్గా, 316 కాస్త వెతికితే దొరుకుతాయి. ఉపరితలం చూస్తే బూడిద రంగులో నున్నగా ఉండే 2బి, సన్నని గీతలతో మెరిసే నంబర్ 4 రెండూ మామూలే. మన దగ్గర లేకపోతే హైదరాబాద్ రాణిగంజ్ నుంచి తెప్పించుకోవచ్చు. దూరం నూట యాభై కిలోమీటర్లే కాబట్టి లారీ సర్వీసులో వేస్తే వచ్చేస్తుంది.

స్పెషల్ ఆర్డర్ అనగానే మనకు ఒకటే పని అనిపిస్తుంది. నిజానికి అందులో మూడు మెట్లున్నాయి.

మొదటి మెట్టులో స్టీలు స్టాక్‌దే, కోత మనది. సర్వీస్ సెంటర్ వాళ్లు కాయిల్‌ను మనకు కావాల్సిన పొడవుకు కోసిస్తారు, లేదా వెడల్పును పట్టీలుగా చీల్చి ఇస్తారు. పాలిష్ చేసి పైన ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించి ఇవ్వడం కూడా ఇందులోకే వస్తుంది.

రెండో మెట్టులో మిల్లే మనకోసం రోల్ చేస్తుంది. స్టాక్‌లో లేని మందం, లేని వెడల్పు, లేని ఫినిష్ అడుగుతాం. ఇది టన్నుల్లో జరిగే వ్యవహారం. దీనికి మంచి ఉదాహరణ మన జేబులోనే ఉంది. ఇప్పుడు మనం వాడే రూపాయి నాణెం ఫెర్రిటిక్ స్టెయిన్‌లెస్ స్టీలు. తమిళనాడులోని సేలం స్టీల్ ప్లాంటులో నాణేల బిళ్లలు కత్తిరించడానికే ఒక విభాగం ఉంది. నాణెం మందం, బరువు, మెత్తదనం అన్నీ కచ్చితంగా ఉండాలి, కావాల్సింది కోట్లలో. అక్కడ స్పెషల్ ఆర్డర్‌కు పూర్తి అర్థం ఉంది.

మూడో మెట్టులో లోహం మిశ్రమమే మారుతుంది. 1973లో హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో స్థాపించిన మిశ్ర ధాతు నిగమ్, అదే మన మిధాని, రక్షణ, అంతరిక్ష, అణుశక్తి రంగాలకు ప్రత్యేక ఉక్కులు, మిశ్రమ లోహాలు తయారు చేస్తుంది. రాకెట్‌కు కావాల్సిన లోహాన్ని ఏ గోడౌన్‌లో వెతుకుతాం? అక్కడ ఆర్డర్ తప్ప వేరే దారి లేదు.

కారం మిల్లు ట్రే కోసం రెండో, మూడో మెట్లు ఎక్కాల్సిన అవసరం దాదాపు రాదు. మన చర్చంతా స్టాక్‌కీ మొదటి మెట్టుకీ మధ్యే.

లెక్క వేసి చూద్దాం

మిల్లులోంచి బయటికి వచ్చిన కారం వేడిగా ఉంటుంది. ప్యాక్ చేసేముందు పరిచి చల్లార్చాలి. అందుకు 60 ట్రేలు కావాలనుకుందాం. అంచులు మడవకముందు ఒక్కో ముక్క 650 × 1200 మి.మీ. షీటు 304 గ్రేడు, 1.5 మి.మీ. మందం. ఈ ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.93 గ్రాములు. ఆ లెక్కన ఎనిమిది బై నాలుగు షీటు ఒకటి సుమారు 35.4 కిలోలు తూగుతుంది.

షీటు వెడల్పు 1220లో ట్రే పొడవు 1200 సరిగ్గా పడుతుంది. పొడవు 2440లో 650 వెడల్పు ముక్కలు మూడే పడతాయి. మిగిలిన 490 మి.మీ. పక్కకు పోతుంది. అరవై ట్రేలకు 20 షీట్లు, 708 కిలోలు.

ఇప్పుడు సర్వీస్ సెంటర్‌లో 1950 మి.మీ. పొడవుకు కోయించామనుకోండి. షీట్లు అవే 20, కానీ బరువు 566 కిలోలు. అంటే 142 కిలోలు తక్కువ కొంటాం. ఇది చూసి ఆర్డరే లాభం అనేస్తాం. ఆగండి. కోయించినందుకు కిలోకు ఎంత అదనంగా అడుగుతారన్నది అసలు ప్రశ్న. 708ని 566తో భాగిస్తే 1.25. తుక్కుకు పైసా రాదనుకుంటే, కిలో ధర 25 శాతం పెరిగేదాకా ఆర్డరే నయం. కానీ స్టెయిన్‌లెస్ తుక్కుకు ధర ఉంది. అది సగం ధరకు పోతుందనుకుంటే హద్దు 12.5 శాతానికి పడిపోతుంది. ఆ 490 మి.మీ. ముక్కల్లోంచి మూతలో, బ్రాకెట్లో కోసుకోగలిగితే అది తుక్కే కాదు. అప్పుడు హద్దు ఇంకా కిందికి దిగుతుంది.

మూడో దారి గురించి షెడ్డు యజమాని నాకు ఒక్క మాటలో చెప్పాడు: "తమ్మీ, షీటు సైజు నీ చేతుల లేదు, గీత నీ చేతుల ఉంది. ముందు గీత మార్చి చూడు."

ముక్క వెడల్పును 650 నుంచి 605కు తగ్గిస్తే షీటుకు మూడు బదులు నాలుగు వస్తాయి. అరవైకి 15 షీట్లు, 531 కిలోలు. స్పెషల్ ఆర్డర్ కంటే కూడా తక్కువ, అదీ రేపే దొరికే సరుకుతో! అయితే ట్రే చిన్నదవుతుంది కదా అంటారా? నిజమే. నాలుగు వైపులా 40 మి.మీ. అంచు మడిస్తే అడుగు వెడల్పు 570 నుంచి 525కు తగ్గుతుంది. అంతే కారం పరచాలంటే 60 బదులు 66 ట్రేలు కావాలి. అప్పుడు 17 షీట్లు, 602 కిలోలు. కోయించిన 566 కిలోల కంటే ఎక్కువే, ఆరు ట్రేల మడత, వెల్డింగ్ పని కూడా అదనం. కాబట్టి గీత మార్చడం ప్రతిసారీ గెలవదు. కానీ ఈ లెక్క వేయకుండా ఆర్డర్ ఇవ్వడం మాత్రం ఎప్పుడూ తప్పే.

ఇక్కడ ఇంకో చిన్న సంగతి ఉంది. నంబర్ 4 ఫినిష్‌లో గీతలు ఒకే దిక్కుకు ఉంటాయి. ముక్కలు బాగా పడుతున్నాయని కొన్నిటిని అడ్డంగా తిప్పి కోస్తే, పక్కపక్కన పెట్టినప్పుడు ఒకటి నిలువు గీతలతో, ఒకటి అడ్డ గీతలతో కనిపిస్తుంది. కంప్యూటర్‌లో నెస్టింగ్ చేసేటప్పుడు ఆ విషయం మనమే గుర్తుపెట్టుకోవాలి.

గ్రేడు దగ్గర సర్దుబాటు వద్దు

గీత మార్చొచ్చు అన్నాను. స్టాక్‌లో లేదని గ్రేడు మార్చేయడం అలాంటిది కాదు.

ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే పైన కంటికి కనిపించని ఆక్సైడ్ పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202లో ఖరీదైన నికెల్‌ను బాగా తగ్గించి ఆ స్థానంలో మాంగనీస్ పెంచుతారు. అందుకే చవక, అందుకే తుప్పును తట్టుకునే శక్తి కూడా తక్కువ. 316లో వీటికి తోడు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది.

పొడి కారానికి 304 చాలు. అదే మిల్లు యజమాని రేపు పచ్చళ్లు కూడా పెడతానంటే కథ మారుతుంది. ఉప్పులోని క్లోరైడ్ ఆ రక్షణ పొరను ఒకచోట పొడిచి చిన్న గుంట చేస్తుంది. పులుపు, తడి తోడైతే ఆ గుంట లోపలికి తవ్వుకుంటూ పోతుంది. మాలిబ్డినం పని అక్కడే. అలాంటి తొట్టికి 316 స్టాక్‌లో లేకపోతే ఆగి తెప్పించుకోవాలి గానీ, ఉన్నదాంతో సరిపెట్టకూడదు. అది తినే వస్తువు.

మరి వచ్చింది 304ఏ అని ఎలా తెలుస్తుంది? అయస్కాంతం పెట్టి చూస్తారు చాలామంది. అతుక్కోకపోతే 304 అంటారు. ఈ నమ్మకం తప్పు. 202 కూడా అతుక్కోదు. నిజమైన 304నే వంచిన చోట కొద్దిగా అతుక్కోవచ్చు, ఎందుకంటే వంపు దగ్గర దాని అంతర్నిర్మాణం కొంత మారుతుంది. రూపాయి నాణెం చక్కగా అతుక్కుంటుంది, అయినా అదీ స్టెయిన్‌లెస్సే! నమ్మాల్సింది మిల్లు టెస్ట్ సర్టిఫికెట్‌ను. అందులోని హీట్ నంబరు, షీటు మీద ముద్రించిన నంబరు ఒకటేనా అని చూడాలి. మన దేశంలో ఈ షీట్లకు ఐఎస్ 6911 అనే ప్రమాణం ఉంది, కొనుగోలు ఆర్డర్‌లో దాన్ని రాయాలి. పెద్ద మొత్తమైతే ఎక్స్‌రే గన్‌తో మూలకాలు చూపించమని అడగొచ్చు. ఈ తనిఖీ స్టాక్‌కూ కావాలి, ఆర్డర్‌కూ కావాలి.

కిలో ధరలో కనిపించని ఖర్చు

ఎనుమాములకు మిర్చి జోరుగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. కారం మిల్లుకు యంత్రం కావాల్సింది ఆ లోపే. మే నెలలో వచ్చిన ట్రే ఎంత బాగున్నా ఆ ఏడాదికి పనికిరాదు. స్పెషల్ ఆర్డర్ వారం ఆలస్యమైతే, ఆదా అయిన 142 కిలోల విలువ కంటే పోయిన వారం విలువే ఎక్కువ కావచ్చు. ఇంకొకటి, ట్రే ఒకటి పాడైతే స్టాక్ కొలతతో చేసినదాన్ని ఎప్పుడైనా మళ్లీ చేసుకోవచ్చు. ప్రత్యేక కొలతతో చేసినదానికి ఒక్క షీటు ఎవరు కోసిస్తారు? కనీస పరిమాణం అడుగుతారు.

మరి ఆర్డర్ ఎప్పుడు ఇవ్వాలి? నేను ఈ నాలుగు ప్రశ్నలు రాసి పెట్టుకున్నాను:

ఒకటి, కొలత మారిస్తే యంత్రం పని నిజంగా చెడుతుందా?
రెండు, ఇదే ముక్క ఏడాది పొడవునా వందల్లో కావాలా?
మూడు, స్టాక్‌లో పోయే తుక్కు విలువ, ఆర్డర్‌కయ్యే అదనపు ధర కంటే ఎక్కువా?
నాలుగు, సరుకు వచ్చేదాకా ఆగేంత సమయం ఉందా?

నాలుగింటికీ అవునని వస్తే ధైర్యంగా ఆర్డర్ ఇవ్వొచ్చు. సరైన గ్రేడు స్టాక్‌లో లేకపోతే మాత్రం ఈ ప్రశ్నలతో పని లేదు, తెప్పించుకోవాల్సిందే.

మనలో చాలామంది ఫైనలియర్ ప్రాజెక్టుకు క్యాడ్‌లో ముందు అందమైన మోడల్ గీసి, తర్వాత షీటు కోసం బయలుదేరతాం. ఈసారి వరస మార్చి చూడండి. మొదటి గీత గీయకముందే ఒకసారి డీలరు దగ్గరికి వెళ్లి, ఏ కొలతలు, ఏ మందాలు, ఏ గ్రేడులు ఉన్నాయో రాసుకుని రండి. ఆ కాగితం పక్కన పెట్టుకుని గీస్తే, ఆర్డర్ అవసరమా కాదా అన్నది గీస్తుండగానే తేలిపోతుంది.