దారిచూపు కుక్క - దాని దురలవాట్లు - వాటిని మాన్పు విధము

చెడు అలవాటు ఒక్కనాట పుట్టునది కాదు. మొదటిసారి ఉపేక్షింపబడి, రెండవసారి లాభము చూపి, మూడవసారికి స్వభావమై కూర్చుండును. ఇంట పెంచుకొను కుక్క వంటింట దొంగతిండి తినినచో ఆ యింటివారికి ఒక పూట తిండి పోవును. చూపులేనివారికి దారిచూపు కుక్కకు ఆ అలవాటే పట్టినచో వారి ప్రాణమే అపాయమున పడును.

బిలాస్‌పూర్ రైలుస్టేషనును తలచుకొన్నచో ఈ మాట తేటపడును. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున, 1889లో, అచటికి రైలు వచ్చినది. ఆ రైల్వే కొలువులకై ఉత్తరాంధ్ర జిల్లాలనుండి తరలిపోయిన తెలుగు కుటుంబములు తరతరములుగా ఆ పట్టణమున స్థిరపడియున్నవి. 2003 నుండి అది ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన స్థానము. పట్టణమునకు చేరువనున్న తిఫ్రాలో చూపులేని బాలబాలికలకు ప్రభుత్వ పాఠశాలయు, బ్రెయిలీ ముద్రణాలయమును కలవు. కావున చూపులేని ప్రయాణికులు ఆ స్టేషనుకు క్రొత్తవారు కారు.

అచటి పొడవైన ప్లాట్‌ఫారము 802 మీటర్లు సాగును. చూపులేని ప్రయాణికుడొకడు తన కుక్కతో దానిపై నడచుచున్నట్లు ఊహింపుడు. ఒక ప్రక్క పట్టాల గుంట. వేరొక ప్రక్క సామాను బండ్లు, పండుకొన్న ప్రయాణికులు, సమోసాల గంపలు. జాలిగుండెగల ఒక ప్రయాణికుడు సమోసా ముక్కను కుక్క ముందు వేసెను. ముక్క అంచు దగ్గర పడెను. కుక్క తల వంచి అటు లాగెను. యజమాని ఒక్క అడుగు దాని వెంట వేసెను. ఆ అడుగు క్రింద నేల ఉన్నదో లేదో ఆ దయగల ప్రయాణికుడు ఆలోచింపలేదు.

దారిచూపు కుక్క చేయు పని

ఇట్టి కుక్కలకు క్రమబద్ధమైన శిక్షణ మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1916లో, జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ నగరమున ఆరంభమైనది. యుద్ధమున చూపు పోయిన సైనికులకై ఆ యేర్పాటు జరిగినది. 1929లో అమెరికాలో సీయింగ్ ఐ సంస్థ వెలసినది. 1931లో ఇంగ్లండులో మొదటి నాలుగు కుక్కలు శిక్షణ ముగించుకొన్నవి. మన దేశమున ఇట్టి కుక్కలు నేటికిని మిక్కిలి అరుదు. చూపులేనివారిలో అత్యధికులు తెల్లకర్ర సాయముననే తిరుగుచున్నారు.

ఈ కుక్క వీపున తోలుపట్టీలతో బిగించిన గట్టి పిడి యుండును. యజమాని ఆ పిడిని ఎడమచేత పట్టుకొని, కుక్క కదలికను బట్టి నడచును. ఎటు పోవలెనో నిర్ణయించువాడు యజమాని. అడ్డములను తప్పించి క్షేమముగా నడపునది కుక్క. వీధిదీపముల రంగులను చూచి కుక్క దారి దాటించునని పలువురు తలంతురు. అది నిజము కాదు. వాహనముల చప్పుడు విని యజమానియే బయలుదేరుమని ఆజ్ఞ యిచ్చును. బండి మీదికి వచ్చుచున్నచో కుక్క ఆ ఆజ్ఞను మీరి కదలక నిలుచును. ఆజ్ఞ మీరుటయే అచట దాని సుగుణము. ఇంతటి వివేకము గల జంతువును బెదరించిగాని, తిండి చూపి మరపించిగాని చెడగొట్టుట సులభము. మరల బాగుచేయుట కష్టము.

దురలవాట్లు ఎట్లు కలుగును?

సాధారణముగా కనిపించు దోషములు కొన్నియే. నేలపై పడిన తిండికై లాగుట, ఇతర శునకములను చూచి దారి తప్పుట, కనబడిన ప్రతి స్తంభమును వాసన చూచుట, మనుష్యులపైకి ఎగురుట, మెట్ల వద్ద ఆగకపోవుట, యజమాని భుజము గోడకు తగులునంత ఇరుకున నడచుట - ఇవి ముఖ్యమైనవి.

వీనిలో కొన్ని అలవాట్లు కానే కావు, వ్యాధి సూచనలు. చెవిపోటు గల కుక్క తల విదల్చుచు పని మరచును. మూత్రవ్యాధి గలది నడుమ నడుమ ఆగును. వేసవి మధ్యాహ్నము కాలిన తారురోడ్డుపై అరికాళ్లు మాడుచుండగా మొండికేసిన కుక్కను తప్పుపట్టరాదు. అరచేతి వెనుకవైపును రోడ్డుపై ఏడు సెకండ్లు ఉంచలేకపోయినచో ఆ రోడ్డు కుక్కకును తగదు. కావున క్రొత్త దోషము కనబడగానే మొదట పశువైద్యునికి చూపవలెను.

రెండవ కారణము ఇంటివారి మాటలలో పొందిక లేకపోవుట. రైల్వేకాలనీలలో ఈ చిక్కు అధికము. తాత "రా" అనును; మనుమడు "కమ్" అనును; పొరుగువారు "ఆవో" అందురు. ఒకరు మంచమెక్కనిత్తురు, మరొకరు అందుకే కొట్టుదురు. కుక్కకు భాషాద్వేషము లేదు. కాని ఒక్కొక్క పనికి ఒక్కొక్క మాటయే ఉండవలెను. ఇంటివారందరును ఆ మాటనే పలుకవలెను.

మాన్పు విధము

మొదటి సూత్రము: అవకాశము ఈయరాదు. తప్పు చేసి లాభము పొందిన ప్రతిసారియు అలవాటు బలపడును. ఇంట భోజనపు బల్లయొద్ద ముద్ద పెట్టినవారే ప్లాట్‌ఫారముపై దొంగతిండికి పాఠము చెప్పినవారగుదురు. కుక్కకు తిండి వేళకు, దాని పాత్రలోగాని యజమాని చేతినుండిగాని అందవలెను. నేలనుండి ఎన్నడును అందరాదు.

రెండవ సూత్రము: ఒప్పును వెంటనే మెచ్చవలెను. కుక్క నేలపైనున్న ముక్కను చూచియు విడిచి నడచినచో ఆ క్షణముననే మెప్పుమాటయు, చేతినుండి చిన్న తినుబండమును లభింపవలెను. ఇంటికి చేరిన పిదప ఇచ్చు బహుమానము దేనికో దానికి తెలియదు. శిక్షయు అట్టిదే.

మూడవ సూత్రము: తప్పిన చోటనే దిద్దవలెను. మెట్టు వద్ద ఆగక సాగినచో యజమాని అచటనే నిలిచి, పాదముతో మెట్టును తట్టి చూపి, కొన్ని అడుగులు వెనుకకు పోయి, మరల అచటికి రావలెను. ఈసారి సరిగా ఆగినచో మెచ్చుకొనవలెను. పాఠము నిశ్శబ్దమైన వీధిలో ఆరంభించి, క్రమముగా సంతకును, స్టేషనుకును తీసికొనిపోవలెను.

కొట్టుట పనికిరాదు. దెబ్బతిన్న కుక్క యజమాని చేతిని చూచి జంకును. జంకిన కుక్క అపాయవేళ ఆజ్ఞ మీరి నిలువజాలదు. పిడి కట్టినప్పుడు పని, విప్పినప్పుడు ఆట అను విభజనయు అవసరము. ఆటలేని కుక్క పనివేళనే ఆటకు దిగును. ఇంత చేసినను దోషము తగ్గనిచో శిక్షణ యిచ్చిన సంస్థను పిలువవలెను. ఆలస్యమైన కొలదియు దిద్దుబాటు కష్టమగును.

ప్రజలు పాటింపవలసినవి

పిడి కట్టియున్న కుక్కను తాకరాదు, పిలువరాదు, దానికి ఏమియు తినిపింపరాదు. సమోసాలోని ఉల్లి, పిల్లల చేతిలోని చాక్లెటు కుక్కకు విషతుల్యములు. చూపులేనివారికి సాయము చేయదలచినచో "అయ్యా, సాయము కావలయునా?" అనియో, "అమ్మా, సాయము కావలయునా?" అనియో యజమానినే అడుగవలెను. పిడినిగాని, చేతినిగాని పట్టి లాగరాదు. తెల్లకర్రతో నడచువారి విషయమునను ఇదే మర్యాద.

ప్లాట్‌ఫారముపై ఎంగిలాకులు పారవేయుటవలన వీధికుక్కలు అచట చేరును. అవి పనిలోనున్న కుక్కపై పడినచో ఇద్దరికిని ముప్పే. పెంపుడు కుక్కలను గొలుసుతో నడిపింపవలెను. ఏటేట వెఱ్ఱికుక్కవ్యాధి టీకా వేయింపవలెను. ఏ కుక్క కరచినను గాయమును వెంటనే సబ్బుతో, పారు నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. పసుపు, కారము, సున్నము గాయమునకు పూయరాదు.

దారిచూపు కుక్కను తీర్చిదిద్దుటకు సుమారు రెండేండ్లు పట్టును. దానిని చెడగొట్టుటకు ఒక్క ముక్క చాలును. కుక్క అలవాట్లను దిద్దబూనుటకు ముందు దాని చుట్టునున్నవారు తమ అలవాట్లను దిద్దుకొనవలెను. ఆ ప్రయాణికుడు సమోసా ముక్కను తన చేతనే ఉంచుకొన్నచో, చూపులేని మనుష్యుడొకడు ఎవ్వరి చేయియు పట్టుకొనకయే తన రైలు ఎక్కగలుగును.