ఎవరో చదివేసిన ఉత్తరం
ఈ-మెయిల్‌ను కనిపెట్టి ఉండే యంత్రపు ఏర్పాటు: ఒక శాఖ అనుభవం

గ్రామీణ శాఖలలో పనిచేసే మనకు మార్చి నెల ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. పంట ఋణాల వసూళ్లు, నవీకరణలు, వార్షిక లెక్కల ముగింపు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. 2023 మార్చిలో నేను క్షేత్రాధికారిగా ఉన్న శాఖలో జరిగిన ఒక పొరపాటును, దానికి మూలమైన యంత్రపు ఏర్పాటును పాఠకుల ముందుంచడం ఈ వ్యాసం ఉద్దేశం. అందులో ప్రధాన దోషం నాదే గనుక మొహమాటం లేకుండా రాయగలుగుతున్నాను.

మా శాఖ పరిధిలో చెరకు ప్రధాన పంట. రైతుకు, బ్యాంకుకు, చక్కెర ఫ్యాక్టరీకి మధ్య త్రైపాక్షిక ఒప్పందం ఉన్నది. రైతు తోలిన చెరకు ధరలో నుంచి ఋణ బాకీని ఫ్యాక్టరీ మినహాయించుకొని, ఆ మొత్తాన్ని ఒకే పద్దుగా మన శాఖకు పంపుతుంది. ఏ రైతు పేర ఎంత జమ కట్టాలో తెలిపే జాబితా విడిగా ఈ-మెయిల్‌లో వస్తుంది. జాబితా చేతికందేవరకు డబ్బు సండ్రీ ఖాతాలో ఉంటుంది. అనగా డబ్బు వచ్చి ఉంటుంది గాని రైతు ఖాతాకు చేరి ఉండదు. ఈ రెండింటి మధ్యనున్న వ్యవధిలోనే మా కథ నడిచింది.

ఆ వ్యవధికి విలువ ఎంతో చూడండి. 2022-23 నాటి నిబంధనల ప్రకారం కిసాన్ క్రెడిట్ కార్డుపై 3 లక్షల రూపాయల వరకు స్వల్పకాలిక పంట ఋణానికి రైతు వడ్డీ 7 శాతం. గడువులోగా తిరిగి చెల్లించినవారికి 3 శాతం ప్రోత్సాహకం. వారికి నికరంగా పడేది 4 శాతం. ఋణం తీసుకున్న నాటి నుంచి ఏడాదికి మించి ఈ ప్రోత్సాహకం వర్తించదు. 60,000 రూపాయల ఋణంపై ఏడాదికి ఆ 3 శాతం 1,800 రూపాయలు. ఒక్కరోజు ఆలస్యమైనా అది చేజారవచ్చు.

జాబితాను గుమాస్తా చూసి చేతితో ఎక్కించడం పూర్వపు పద్ధతి. 2022లో దీనిని యంత్రానికి అప్పగించాలని ప్రాంతీయ కార్యాలయం నిశ్చయించినప్పుడు, బీఎస్సీలో కంప్యూటర్లు ఒక పాఠ్యాంశంగా చదివినవాడినన్న కారణంగా నియమాలు రాసే బాధ్యత నాకు అప్పగించారు.

షెడ్యూలర్ అంటే ఏమిటి?

నిర్ణీత వేళలకు నిర్ణీత పనులను మనిషి ప్రమేయం లేకుండా నడిపించే సాఫ్ట్‌వేరును షెడ్యూలర్ అంటారు. అది నడిపే ఒక్కొక్క పనిని జాబ్ అంటారు. యూనిక్స్ యంత్రాలలో 1970ల నుంచీ ఉన్న క్రాన్ ఈ కోవలో బాగా పేరెన్నికగన్నది. నిమిషం, గంట, తేదీ, నెల, వారం అనే ఐదు గడులలో వేళను రాస్తే చాలు, అది తప్పక పాటిస్తుంది. నేను రాసిన పంక్తి ఇది: */10 9-18 * * 1-6. సోమవారం నుంచి శనివారం వరకు, ఉదయం 9 గంటల నుంచి ప్రతి 10 నిమిషాలకూ మెయిల్‌పెట్టెను తెరిచి చూడమని దాని అర్థం. ఇక్కడ 18 అని రాస్తే సాయంత్రం 6 గంటలకు ఆగిపోతుందని చాలామంది పొరబడతారు. నిజానికి 6 గంటల 50 నిమిషాలకు ఆఖరిసారి నడుస్తుంది. రోజుకు సరిగ్గా 60 సార్లు. క్రాన్‌కు పంచాంగం తెలియదు. ఉగాది నాడైనా, శ్రీరామనవమి నాడైనా దాని పని అది చేసుకుపోతుంది.

ఉత్తరాన్ని కనిపెట్టడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది, మనమే పోస్టాఫీసుకు పోయి ఏమైనా వచ్చిందా అని మాటిమాటికీ అడిగి రావడం. నా ఏర్పాటు అట్టిదే. రెండవది, ఉత్తరం రాగానే పోస్ట్‌మాన్ మన వాకిట గంట కొట్టడం. మెయిల్‌పెట్టెలను దూరం నుంచి చదివే ఐమాప్ పద్ధతిలో 1997లో ప్రమాణీకరించిన ఐడిల్ అనే ఆదేశం ఈ రెండవ పనికి ఉద్దేశించినదే. రోజుకు ఒకటి రెండు జాబితాలు వచ్చే మా వంటి శాఖకు మొదటి మార్గం చాలును. లోపం ఆ ఎంపికలో లేదు.

ఉగాది ముందటి రాత్రి

2023 మార్చి 21, మంగళవారం. ఫ్యాక్టరీ నుంచి 38 మంది రైతుల మొత్తం నెఫ్ట్ ద్వారా సండ్రీ ఖాతాకు చేరింది. జాబితా మెయిల్ మాత్రం రాత్రి 7 గంటల 20 నిమిషాలకు వచ్చింది. అప్పటికి జాబ్ ఆనాటి పని ముగించింది. ఆ రాత్రి మేనేజరు గారు ఇంటివద్ద తన ఫోనులో శాఖ మెయిల్ తెరిచి, జాబితా వచ్చినదని చూసి, రేపు యంత్రం తీసుకుంటుందిలే అనుకున్నారు. బాధ్యతగల అధికారి చేసే పనే ఆయన చేశారు.

మరునాటి ఉదయం 9 గంటలకు జాబ్ మెయిల్‌పెట్టెను తెరిచింది. నేను దానికి ఇచ్చిన ఆజ్ఞ: “చదవని ఉత్తరాలను మాత్రమే తీసుకో.” మేనేజరు గారు తెరిచిన మరుక్షణమే ఆ ఉత్తరంపై చదివినట్లు గుర్తు పడింది. కనుక యంత్రం దృష్టిలో అక్కడ చేయవలసినది ఏమీ లేదు. “పని విజయవంతం” అని చిట్టాలో రాసుకొని వెళ్లిపోయింది. మార్చి 22 నుంచి ఏప్రిల్ 5 వరకు ఆదివారాలు పోగా 13 రోజులు. రోజుకు 60 చొప్పున 780 సార్లు అదే ఉత్తరం పక్కగా నడిచి, 780 సార్లూ విజయవంతమని రాసుకున్నది. సంవత్సరాంతపు హడావుడిలో సండ్రీ ఖాతా నిలువను ఎవరూ విప్పి చూడలేదు.

ఏప్రిల్ 6న ఒక పెద్దాయన నా బల్ల వద్దకు వచ్చారు. ఆయన ఋణం 60,000 రూపాయలు. ఏడాది గడువు మార్చి 27తో ముగిసింది. చేతిలో ఫ్యాక్టరీ చీటీ ఉన్నది.

“మార్చి 21నే డబ్బు పట్టుకున్నామని ఫ్యాక్టరీవాళ్లు నిన్న చీటీ ఇచ్చారు బాబూ. ఆనాడు మీ కౌంటరులో అడిగితే రాలేదన్నారు. గడువు దాటిపోద్దని ఫోనుకు మెసేజి వచ్చింది. భయపడి బయట అప్పు తెచ్చి కట్టేశాను. మరి ఫ్యాక్టరీ పట్టుకున్న డబ్బు ఏమైనట్టు?”

“ఎంతకు తెచ్చారండీ?” అని అడిగాను.

“మూడు రూపాయల వడ్డీ.”

పల్లెలలో మూడు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు మూడు. 60,000కు నెలకు 1,800. బ్యాంకు వద్ద ఏడాదికి లభించే 1,800 రూపాయల ప్రోత్సాహకాన్ని కాపాడుకోవడానికి ఆయన బయట ఒక్క నెలకు 1,800 చెల్లించారు. వారం రోజులలో డబ్బు తిరిగి ఇచ్చినా నెల వడ్డీ పూర్తిగా పుచ్చుకోవడం అక్కడి రివాజు.

ఆ సాయంత్రానికే ఉత్తరం దొరికింది. డబ్బు బ్యాంకుకు అందినది మార్చి 21ననే గనుక, ప్రాంతీయ కార్యాలయపు అనుమతితో మిగిలిన 37 ఖాతాలలో ఆ తేదీ విలువతో జమలు వేశాము. ఎవరి ప్రోత్సాహకమూ పోలేదు. పెద్దాయన మొత్తం ఆయన పొదుపు ఖాతాకు జమ అయినది. ఆ 1,800కు మాత్రం మన పద్దులలో శీర్షిక లేదు. మేనేజరు గారు, నేను కలిసి ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. “వచ్చే ఏడు సరిగా చూడండి బాబూ” అని మాత్రం అన్నారు.

సరిదిద్దుకున్న తీరు

చదివినదా, చదవనిదా అన్న గుర్తు మనుషుల సౌకర్యానికి ఉద్దేశించినది. దానిని ఎవరైనా మార్చవచ్చు, పొరపాటున వేలు తగిలినా మారుతుంది. అట్టి గుర్తును యంత్రం తన లెక్కకు ఆధారం చేసుకోవడమే నా మూల దోషం. ఐమాప్‌లో ప్రతి ఉత్తరానికీ యూఐడీ అనే వరుస సంఖ్య ఉంటుంది. కొత్తగా వచ్చే ఉత్తరానికి అంతకు ముందరి దానికంటె పెద్ద సంఖ్యే పడుతుంది. ఎవరు తెరిచినా, మూసినా అది మారదు. ఇప్పుడు మా జాబ్ తాను ఆఖరున చూసిన సంఖ్యను తన రిజిస్టరులో రాసుకొని, అంతకు పైనున్నవాటినన్నిటినీ తీసుకుంటుంది. మెయిల్‌పెట్టెను సర్వరులో కొత్తగా నిర్మించినప్పుడు ఈ వరుస మొదటికి రావచ్చు. ఆ సంగతి తెలిపే యూఐడీవాలిడిటీ అనే మరొక సంఖ్యను కూడా దాచుకొని, అది మారితే జాబ్ ఆగి మనిషిని పిలవాలి.

క్రమం కూడా ముఖ్యమే. ఉత్తరాన్ని తెరిచి, జాబితాను దించుకొని, సరిచూసి, భద్రపరచిన తరువాతనే దానిని “అయినవి” అనే సంచికి తరలించాలి. ముందుగానే తరలిస్తే, నడుమ కరెంటు పోయినా, లైను తెగినా ఆ ఉత్తరం అయినవాటిలో చేరిపోతుంది. ఒకే ఉత్తరం రెండుసార్లు తీసుకున్నా నష్టం లేకుండా జాబితా సంఖ్యను సరిచూసే నియమం ఉండాలి. ఫ్యాక్టరీ గుమాస్తా అనుమానం కొద్దీ అదే జాబితాను రెండుసార్లు పంపిన సందర్భాలు మాకు లేకపోలేదు.

శాఖ మెయిల్‌పెట్టెనే వాడడం మరొక తప్పు. కొత్త పెట్టెకు దరఖాస్తు పెట్టి వేచి ఉండే ఓపిక ఆనాడు నాకు లేకపోయింది. ఇప్పుడు జాబితాలకు ప్రత్యేకమైన పెట్టె ఉన్నది. దాని పాస్‌వర్డు ఎవరి ఫోనులోనూ ఉండదు.

అన్నిటికంటె ఉపయోగపడినది రాకపోవడాన్ని కనిపెట్టే జాబ్. మొదటిది ఉత్తరం కోసం చూస్తుంది; ఈ రెండవది డబ్బు కోసం చూస్తుంది. ఫ్యాక్టరీ నుంచి సండ్రీ ఖాతాకు జమ పడి ఒక పనిదినం గడిచినా, అదే మొత్తానికి సరిపోయే జాబితా చేరకపోతే మేనేజరు గారికీ, నాకూ సందేశం పంపుతుంది. 2023లో ఇది ఉండి ఉంటే మార్చి 23 సాయంత్రానికే సంగతి తెలిసేది. యంత్రానికి ఉత్తరాన్ని అప్పగించే ప్రతి ఒక్కరూ మొదట ఈ రెండవ జాబ్‌ను రాసి, తరువాతనే మొదటిది రాయాలని నా అభిప్రాయం.

చిన్నవిగా కనిపించే చిక్కులు

జాబితా అందగానే “అందినది” అని మా జాబ్ జవాబు పంపేది. ఒకసారి ఫ్యాక్టరీవారి పెట్టె “సంబంధిత ఉద్యోగి సెలవులో ఉన్నారు” అని తిరుగు జవాబిచ్చింది. దానినీ ఉత్తరంగా భావించి మా జాబ్ మళ్లీ “అందినది” అన్నది. ఈ సంభాషణ ఒక పూట సాగింది! యంత్రం పంపే జవాబులకు తలభాగంలో ప్రత్యేక గుర్తు ఉండాలని, ఆ గుర్తు ఉన్నవాటికి మరల జవాబివ్వరాదని 2004 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3834 ప్రమాణం సూచిస్తున్నది. ఆ సూచనను పాటిస్తే చాలు.

విషయ పంక్తిలో “చెరకు” అన్న మాట ఉంటేనే తీసుకోవాలని నియమం పెట్టాము. మెయిల్ తలభాగంలో తెలుగు అక్షరాలు నేరుగా ప్రయాణించవు. 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2047 పద్ధతిలో సంకేతాలుగా మారి వస్తాయి. వాటిని విప్పకుండా వెదికితే మన మాట ఎన్నటికీ దొరకదు.

మూడవది ఎక్సెల్ పట్టిక. ఖాతా సంఖ్య ముందున్న సున్నాలను అది అనవసరమని తీసివేస్తుంది. 15 అంకెలు దాటితే మిగిలిన అంకెలను సున్నాలుగా మార్చివేస్తుంది. ఆ గడిని సంఖ్యగా గాక అక్షరాలుగా నమోదు చేయవలసినదని ఫ్యాక్టరీవారిని కోరాము. ఖాతా సంఖ్యతో పాటు పేరు కూడా సరిపోనిదే జాబ్ ఏ పంక్తినీ స్వీకరించదు.

ఇక మోసగాళ్ల సంగతి. పంపినవారి చిరునామా చూసి నమ్మరాదు, దానిని ఎవరైనా రాయవచ్చు. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పరీక్షలలో నెగ్గిన ఉత్తరాన్నే జాబ్ చేత పట్టించాలి. మన బ్యాంకుల పేరిట వచ్చే నకిలీలను గుర్తించేందుకు వీలుగా, 2025 అక్టోబరు 31 నాటికి బ్యాంకులన్నీ ‘.బ్యాంక్.ఇన్’ చిరునామాలకు మారవలసిందిగా రిజర్వు బ్యాంకు ఆదేశించింది గాని, ఫ్యాక్టరీల ఉత్తరాలకు అట్టి రక్షణ లేదు. కావున జాబ్ తనంతట తాను ఏ ఖాతాలోనూ జమ వేయదు. పద్దులను వరుసలో నిలబెడుతుంది. జాబితా మొత్తం, సండ్రీ ఖాతాకు వచ్చిన మొత్తం పైసాతో సహా సరిపోయినదో లేదో చూపుతుంది. ఒక అధికారి చూసి, మరొకరు ఆమోదించిన మీదటనే జమ పడుతుంది. దీనివల్ల రోజుకు పది నిమిషాలు అదనంగా పడుతున్నాయని సహోద్యోగులలో కొందరు సణుగుతుంటారు. ఆ పది నిమిషాలు తగ్గించమని నేను అడగబోవడం లేదు.

మరుసటి సీజనులో రెండవ జాబ్ నుంచి మొదటి హెచ్చరిక వచ్చినప్పుడు నేను పొలాల పరిశీలనలో ఉన్నాను. ఫ్యాక్టరీ గుమాస్తాకు ఫోను చేస్తే, జాబితాను పాత చిరునామాకు పంపినట్లు తేలింది. గంటలో సరైన పెట్టెకు చేరింది. జాబితాలో తొమ్మిదవ పేరు ఆ పెద్దాయనదే.