సీలు విప్పని రికార్డు

పాత ఎల్పీలు సేకరించేవాళ్ల మధ్య ఎప్పటికీ తెగని వాదన ఒకటుంది. అరవై ఏళ్ల కిందటి అమెరికన్ రికార్డు, ప్లాస్టిక్ పొర చెక్కుచెదరకుండా దొరికితే విప్పి వినాలా, అలాగే దాచుకోవాలా? దాచమనేవాళ్ల మాటలో బలం లేకపోలేదు. విప్పిన మరుక్షణం ధర పడిపోతుంది, పోయిన సీలు తిరిగి రాదు. అయితే ఈ వాదనలో ఒక సంగతిని ఇరుపక్షాలూ అడక్కుండానే ఒప్పేసుకుంటాయి. సీలు లోపలి రికార్డును కాపాడుతోందని. నాకు అభ్యంతరం అక్కడే.

ఆ పొర వేసే తీరు చూడండి. అట్ట చుట్టూ పల్చని ప్లాస్టిక్ తొడిగి వేడి తగిలిస్తారు. అది ముడుచుకుని అట్టను బిగించి పట్టుకుంటుంది. ముడుచుకునే గుణం ఫ్యాక్టరీ దాటగానే ఆగిపోదు. ఏళ్లు గడిచేకొద్దీ ఇంకాస్త బిగుస్తుంది, అట్ట అంచులు లోపలికి వంగుతాయి, అట్టతో పాటు లోపలి వినైల్ రికార్డు కూడా వంగుతుంది. అలా ఒంపు తిరిగిన రికార్డు మీద ముల్లు కెరటాల మీద పడవలా లేచి పడుతూ నడుస్తుంది. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ రికార్డులు భద్రపరిచేవారికి ఇచ్చిన సూచనల్లో ఈ పొరను పూర్తిగా తీసేయమనే ఉంది. అది ముడుచుకుంటూ పోయి రికార్డును వంచేస్తుందన్నదే వాళ్లు చెప్పిన కారణం. రాబోయే తరాల కోసం దాచడమే పనిగా పెట్టుకున్నవాళ్లు సీలు వద్దంటున్నారంటే మనం ఆగి ఆలోచించాలి.

లోపల ఏముందో కొన్నవాడికి తెలియకపోవడం ఇంతకంటే పెద్ద చిక్కు. దీనికి గాయకుడు బాబ్ డిలాన్ రెండో ఆల్బమ్ 'ది ఫ్రీవీలిన్ బాబ్ డిలాన్'ను మించిన ఉదాహరణ నాకు కనపడలేదు. కొలంబియా కంపెనీ 1963 మేలో దాన్ని విడుదల చేసింది. ముందుగా తయారుచేసిన కొన్ని ప్రతుల్లో నాలుగు పాటలు వేరు. అందులో ఒకటి, జాన్ బర్చ్ సొసైటీ అనే కరడుగట్టిన కమ్యూనిస్టు వ్యతిరేక సంఘాన్ని వెక్కిరించే పాట. అదే పాట మే 12న ఎడ్ సలివన్ టీవీ కార్యక్రమంలో పాడతానంటే ఆ టీవీ సంస్థ సీబీఎస్ ఒప్పుకోలేదు. డిలాన్ ఆ కార్యక్రమమే వద్దనుకుని వెళ్లిపోయాడు. కొలంబియా కూడా సీబీఎస్‌దే. చివరికి ఆల్బమ్‌లో ఆ పాటా, మరో మూడూ పోయి, 'మాస్టర్స్ ఆఫ్ వార్' లాంటి నాలుగు కొత్త పాటలు వచ్చాయి.

పాత పాటలతో అచ్చయిన రికార్డులు కొన్ని మాత్రం బయటికి వెళ్లిపోయాయి. ఇప్పుడు వాటి విలువ వేల డాలర్లలో ఉంటుంది. వాటిని గుర్తుపట్టడమే కష్టం. మోనో (ఒకే చానెల్ శబ్దం) ప్రతుల లేబుల్ మీద మారిన జాబితానే ఉంటుంది, ముల్లు పెడితే తీసేసిన పాటలు వినపడతాయి. ఆఖరి పాట అయ్యాక లేబుల్ చుట్టూ మిగిలే ఖాళీ వలయంలో ఒక నంబరు ఉంటుంది. అది '-1'తో, దాని వెనుక ఒక అక్షరంతో ముగిస్తే అసలైనది దొరికినట్టే. ఆ నంబరు చదవాలంటే రికార్డును బయటికి తీసి, దీపం కింద వాల్చి పట్టుకుని, మెరుపు సరిగ్గా పడేదాకా తిప్పుతూ చూడాలి. సీలు వేసిన ప్రతి ఆ అవకాశమే ఇవ్వదు. అది ఎన్నో ముద్రణదో, రంధ్రం నడిమధ్యన ఉందో లేదో, గాడి సరిగ్గా పడిందో లేదో, ఏదీ తేలదు.

పైగా ఆ సీలు కంపెనీదేనన్న నమ్మకమూ లేదు. పొర వేసే యంత్రాలు దుకాణాల దగ్గరా ఉండేవి. కొన్నవాళ్లు తిరిగి ఇచ్చేసిన రికార్డుకు కొత్త పొర తొడిగితే మళ్లీ అరలోకి ఎక్కేది. అందుకే అనుభవమున్నవాళ్లు పొర అతుకునూ, పాత ధర చీటీనీ పట్టిపట్టి చూస్తారు.

విప్పకూడని రికార్డులూ ఉన్నాయి. 1966 జూన్‌లో క్యాపిటల్ కంపెనీ బీటిల్స్ ఆల్బమ్ 'యెస్టర్‌డే అండ్ టుడే' తెచ్చింది. అట్ట మీద తెల్లకోట్లలో నలుగురూ, వాళ్ల మీద మాంసం ముక్కలూ, విరిగిన బొమ్మలూ. గగ్గోలు పుట్టడంతో కంపెనీ వాటిని వెనక్కి రప్పించి చాలా అట్టల మీద వేరే బొమ్మ అంటించింది. అప్పటి కంపెనీ అధ్యక్షుడు అలన్ లివింగ్‌స్టన్ కొన్ని సీలు ప్రతులను ఇంట్లో దాచుకున్నాడు. 1980ల్లో ఆయన కొడుకు అమ్మకానికి పెడితే గానీ వాటి సంగతి లోకానికి తెలియలేదు. ఆ ప్రతుల్లో పాటలు ఎక్కడైనా దొరికేవే. చరిత్రంతా అట్టలోనూ, దాన్ని ఎవరూ ముట్టలేదని చెప్పే పొరలోనూ ఉంది. అలాంటప్పుడు సీలే సాక్ష్యం, దాన్ని చింపడం తప్పు. కానీ ఇలాంటివి చాలా అరుదు. తక్కిన రికార్డుల విషయంలో నా మాట ఒక్కటే, విప్పండి. ఎవరో గొంతు చించుకుని పాడితే, ఎవరో రాత్రంతా కూర్చుని శబ్దం సరిచేస్తే తయారైన వస్తువది. ఒక్కసారైనా మోగకుండా చేతులు మారడం నాకు బాధగా ఉంటుంది.

వింటే అరిగిపోతుందన్న భయం ఎక్కువగా నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డుల నాటిది. అప్పటి గ్రామఫోన్ల ఉక్కు ముల్లు బరువు గాడిని నిజంగానే తినేసేది. నేటి వజ్రపు ముల్లు సాధారణంగా దాదాపు రెండు గ్రాముల ఒత్తిడితో నడుస్తుంది. ముల్లూ రికార్డూ శుభ్రంగా ఉంటే అప్పుడప్పుడూ విన్నా భయపడాల్సింది లేదు.

విప్పేటప్పుడు బ్లేడు వాడకండి, అట్ట తెగుతుంది. రికార్డు బయటికి వచ్చే అంచు వెంట గోరుతో గట్టిగా రాస్తే పొర దానంతటదే చీలుతుంది. చీలిన పొర మీద కంపెనీ చీటీలుంటే ముందు వాటి చుట్టూ కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించి విడిగా దాచండి, తర్వాత మిగతా పొర మొత్తం తీసేయండి. లోపలిది గరుకు కాగితపు తొడుగైతే దాన్ని అట్టలోనే ఉంచి, రికార్డును మాత్రం పాలిథిన్ తొడుగులోకి మార్చి, ఎండ తగలని చోట నిలువుగా పెట్టండి. ముల్లు దించబోయే ముందు ఆ ఖాళీ వలయంలో నంబరు ఒకసారి చదవండి.