యూరియాప్లాస్మా - నెలలు నిండని శిశువుల ఊపిరితిత్తుల వ్యాధి: సహసంబంధమా? కారణమా?

నెలలు నిండకుండా జన్మించిన శిశువులలో కనిపించే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధిని వైద్యశాస్త్రం బ్రాంకోపల్మనరీ డిస్‌ప్లాసియా అంటుంది. 1967లో స్టాన్‌ఫర్డ్‌లో నార్త్‌వే, ఆయన సహచరులు దీనిని తొలిసారిగా వర్ణించారు. అధిక ఆక్సిజన్, కృత్రిమ శ్వాసయంత్రపు ఒత్తిడి ఇందుకు కారణాలని నాటి నిర్ణయం. ఆ తరువాత సర్ఫాక్టెంట్ చికిత్స వచ్చింది, శ్వాసయంత్రాల వాడకం సున్నితమైంది. అయినా వ్యాధి అంతరించలేదు; మరింత ముందుగా పుట్టి బతుకుతున్న శిశువులకు మారింది. వారిలో గాయపు మచ్చల కంటే వాయుగోళాల ఎదుగుదల ఆగిపోవడమే ప్రధాన లక్షణం. యంత్రం ఒక్కటే కారణం కానప్పుడు మరేది అన్న ప్రశ్న పరిశోధకులను సూక్ష్మజీవుల వైపు నడిపించింది.

1988లో వెలువడిన వ్యాసాలు యూరియాప్లాస్మాను అనుమానితుల జాబితాలోకి తెచ్చాయి. శ్వాసమార్గంలో ఈ జీవి ఉన్న తక్కువ బరువు శిశువులలో దీర్ఘకాలిక వ్యాధి ఎక్కువగా కనిపించింది. ఇది చాలామంది స్త్రీల జననేంద్రియ మార్గంలో ఏ హానీ చేయకుండా నివసించే అతిసూక్ష్మ బాక్టీరియా. యూరియాను విచ్ఛిన్నం చేసి శక్తిని పొందుతుంది. దీనికి కణకవచం లేదు. కాబట్టి కణకవచ నిర్మాణాన్ని అడ్డుకునే పెన్సిలిన్ వర్గపు మందులు దీనిపై పనిచేయవు. నవజాత శిశువులకు మొదటగా ఇచ్చే ఆంపిసిలిన్ కూడా ఆ వర్గానిదే.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఈ జీవి ఉమ్మనీటిలోకి చేరితే మాయ పొరలలో వాపు వస్తుంది. ఆ వాపే అకాల ప్రసవానికి దారితీయవచ్చు. 1996లో వాటర్‌బర్గ్ బృందం ఒక విచిత్రాన్ని గమనించింది: పొరలలో వాపు ఉన్న తల్లుల శిశువులలో పుట్టిన వెంటనే వచ్చే శ్వాస ఇబ్బంది తక్కువ, దీర్ఘకాలిక వ్యాధి మాత్రం ఎక్కువ. గొర్రెలపై జరిగిన ప్రయోగాలు దీనికి ఒక వివరణనిచ్చాయి. ఉమ్మనీటిలోకి బాక్టీరియా విషపదార్థాన్ని ఎక్కించినప్పుడు పిండంలో సర్ఫాక్టెంట్ త్వరగా తయారైంది, కానీ వాయుగోళాల సంఖ్య తగ్గింది. తొందరపడి పండిన ఊపిరితిత్తి పూర్తిగా ఎదగలేదన్నమాట.

అలాగైతే బాక్టీరియాను తొలగిస్తే శిశువు బాగుపడుతుందా? బ్రిటన్‌లో జరిగిన అజ్‌టెక్ ప్రయోగం ఈ ప్రశ్ననే పరీక్షించింది. 30 వారాల కంటే ముందు పుట్టిన 796 మంది శిశువులకు, పుట్టిన 72 గంటలలోపు మొదలుపెట్టి, పది రోజులు అజిత్రోమైసిన్ లేదా ప్లాసిబో ఇచ్చారు. 2024లో వెలువడిన ఫలితం: తీవ్రమైన లేదా మధ్యస్థ వ్యాధి లేకుండా బతికినవారు మందు వర్గంలో 42 శాతం, ప్లాసిబో వర్గంలో 45 శాతం. యూరియాప్లాస్మా ఉన్నవారిలోనైనా ప్రయోజనం కనిపిస్తుందన్న ఆశ కూడా నెరవేరలేదు.

ఈ ప్రతికూల ఫలితం, నా దృష్టిలో, మూడు దశాబ్దాల సహసంబంధ పరిశీలనల కంటే విలువైనది. అయితే యూరియాప్లాస్మా నిర్దోషి అని ఇది నిరూపించదు. నష్టం గర్భంలోనే జరిగిపోయి ఉంటే పుట్టాక ఇచ్చే మందు ఆలస్యమైనట్లే. లేదా ఆ జీవి వాపుకు గుర్తు మాత్రమే కావచ్చు, అసలు దోషి వాపే కావచ్చు. ఈ రెండింటినీ వేరు చేయడానికి శిశువు గొంతు నుంచి తీసిన నమూనా ఒక్కటే చాలదు. మాయ, బొడ్డుతాడు కణజాల పరీక్ష కూడా కావాలి.

ఇటీవలి పరిశోధన ఒక్క జీవిని వదిలి మొత్తం సూక్ష్మజీవ సముదాయాన్ని చూస్తోంది. 2016లో అమెరికాలో లాల్ బృందం, తరువాత వ్యాధి వచ్చిన శిశువుల శ్వాసమార్గంలో పుట్టుకనాడే లాక్టోబాసిల్లస్ తక్కువగా ఉందని నివేదించింది. అయితే అంత తక్కువ బాక్టీరియా ఉండే నమూనాలో ప్రయోగశాల రసాయనాల కల్మషం కూడా శిశువుదిగా లెక్కలోకి రాగలదు. ఖాళీ నమూనాలతో పోల్చి చూడని అధ్యయనాలను అంత సులభంగా నమ్మలేము.

మన దేశానికి ఈ ప్రశ్న మరో రూపంలో వస్తుంది. 2016లో ప్రచురితమైన ఢిల్లీ నవజాత శిశు అధ్యయనంలో రక్తంలో సోకిన బాక్టీరియాలలో అసినెటోబాక్టర్ 22 శాతం, క్లెబ్సియెల్లా 17 శాతం. ఇవి రక్తంలోని ఇన్ఫెక్షన్ లెక్కలే, శ్వాసమార్గ నివాసానివి కావు. కాని వార్డులో శిశువును తొలుత ఆక్రమించే జీవులు ఎలాంటివో వీటిని బట్టి ఊహించవచ్చు. ఇక్కడి శిశువులపై పరిశోధన చేయదలచినవారు మొదటి నమూనాను యాంటీబయాటిక్ మొదలుకాకముందే తీసుకోవాలి. ఆ మందు ఒక్కరోజు నడిచినా నమూనాలో కనిపించేది శిశువు తెచ్చుకున్న సముదాయమా, మందు మిగిల్చినదా అని తేల్చడం కష్టమవుతుంది.